ఊళ్ళో లేరని చెప్పాం

ఫిబ్రవరి నెల రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఒక మోటారు సైకిలు మా కల్లం పక్కన వచ్చి ఆగింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. పదకొండున్నరకు కూలీలకు టీ పోయాలి. ఆ పని నాది. గడియారం చూసుకుని ఫ్లాస్కు అందుకోబోతుంటే బండి చప్పుడు వినపడి తలెత్తాను.

కల్లమంటే పెద్ద ఏర్పాటేమీ కాదు, కోసిన మిరపకాయలు ఎండబోయడానికి చదును చేసుకున్న నేల. మాది రోడ్డు పక్కనే, ఊరికి కొంచెం ముందు. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఊరికంటే ముందు మా కల్లమే కనపడుతుంది. ఆ రోజు నేలంతా ఎర్రగా పరిచి ఉంది. నేను అవతలి చివర టార్పాలిన్ పట్టా నీడన ఉన్నాను. రోడ్డు వైపు మా మనవరాలు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటాం. అది ఎర్రకాయలో కలిస్తే మొత్తం సరుకు విలువ పడిపోతుంది. ఘాటు తగలకుండా వాళ్ళ నాన్న తువ్వాలు కళ్ళ కిందదాకా చుట్టుకుని కూర్చుంది.

బండి మీది మనిషి దిగలేదు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, భుజానికి సంచీ. ఏదో అడిగాడు. పిల్ల ఏదో చెప్పింది. అతను తల ఊపి ఊళ్ళోకి పోయాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళాను.

"ఎవరే అతను?"

"బ్రోకరు నాయనమ్మా. నాన్న పేరు పెట్టి అడిగాడు."

"ఏమన్నావు?"

"ఊళ్ళో లేరన్నా. ఇల్లు తాళమేసి రెండేళ్ళ కిందటే వెళ్ళిపోయారన్నా."

"అబద్ధమాడితే ఆడావు, రెండేళ్ళెందుకే? ఇవాళ లేడంటే చాలదా?"

"ఇవాళ లేడంటే రేపొస్తాడుగా!"

తువ్వాల్లోంచి దాని నవ్వు వినపడింది. నాకు నవ్వు రాలేదు గానీ, ఆ మాట అక్కడే వదిలేశాను. టీ చల్లారిపోతోంది.

నేను ముప్పై మూడేళ్ళు హైస్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. భర్త పోయాక పుట్టిన ఊరు చేరాను. నా చెల్లెలు ఈ ఊళ్ళోనే కాపురం చేసి ఈ ఊళ్ళోనే పోయింది. దాని కొడుకు నాలుగెకరాల్లో మిరప, రెండెకరాల్లో పత్తి వేస్తాడు. నన్ను పెద్దమ్మా అంటాడు. అతని కూతురే ఈ పిల్ల. నాయనమ్మ అనే పిలుపు మా చెల్లెలు వదిలి వెళితే నేను అందుకున్నాను.

ఊళ్ళో లేరని చెప్పడం మా పిల్ల ఒక్కదాని గడుసుతనం కాదు, మా ఊరి ఆచారం. కొత్తవాడెవడైనా వచ్చి ఎవరి పేరైనా అడిగితే ముందు "ఏం పనిమీద బాబూ?" అంటారు. పని చెప్పాడా సరే. చెప్పకుండా నసిగితే, అతను అడుగుతున్న మనిషి ఎదురుగా బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నా సరే, ఊళ్ళో లేరనేస్తారు. ఆ తాగేవాడు కూడా "అవునండీ, ఎళ్ళిపోయాడు" అని తలాడిస్తాడు. తుళ్లూరు వైపు రాజధాని మాట మొదలైనప్పటి నుంచి ఈ ఆచారానికి పని బాగా పెరిగింది. అక్కడ భూముల సంగతి తేలినా తేలకపోయినా, హైవే వెంబడి మా దాకా బ్రోకర్లు తిరగడం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన మా వాడి ఎకరం మీద ముగ్గురు కన్నేశారు. అందులో ఒకడు పొద్దుటే వచ్చి, మావాడు లేచి పళ్ళు తోముకునేదాకా కూర్చునేవాడు. "ఎవడొచ్చి నన్నడిగినా ఊళ్ళో లేనని చెప్పండి" అని మావాడు ఇంటిల్లిపాదికీ, వీధికీ చెప్పి పెట్టాడు.

అసలీ అలవాటు బ్రోకర్లతో పుట్టింది కాదు. తెల్లవాళ్ళకు శిస్తు కట్టేది లేదని ఈ ప్రాంతం మొండికేసిన రోజుల సంగతులు మా తాత చెప్పేవాడు. జవాన్లు వచ్చి పేరు పెట్టి అడిగితే ఊరంతా ఒకే మాట మీద ఉండేదట. ఆ మనిషి అటక మీద ఉండేవాడు, ఊరు మాత్రం లేడనేది. అలా నేర్చుకున్నది మూడు తరాలుగా పోలేదు.

మా మనవరాలి ఉద్యోగం సంగతి చెప్పాలి. విమానాశ్రయాలకు, ఓడరేవులకు, పెద్ద ఫ్యాక్టరీలకు కాపలా ఉండే కేంద్ర బలగంలో దానికి కానిస్టేబులుగా ఎంపిక వచ్చింది. మూడేళ్ళు తెల్లవారకముందే లేచి రోడ్డు మీద పరుగెత్తింది. మొదటిసారి రాతపరీక్షలో పోయింది, రెండోసారి పరుగులో పోయింది. మూడోసారి అన్నీ దాటింది. వయసు లెక్క ప్రకారం దానికిదే ఆఖరిసారి, మళ్ళీ రాసే వీలు లేదు. పోలీసు విచారణ పూర్తయితే ఏప్రిల్ మొదటి వారంలో శిక్షణలో చేరమని కాగితం వచ్చింది.

ఊళ్ళో అందరూ మిలటరీ ఉద్యోగం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మిలటరీ రక్షణ శాఖది, ఈ బలగం హోం మంత్రిత్వ శాఖది అని ప్రతివాళ్ళకూ చెప్పాను.

"హోం శాఖంటే మన హోంగార్డులేనా అక్కా?" అన్నాడు ఎదురింటి తమ్ముడు. వరసకు తమ్ముడు, వయసు డెబ్భై దాటింది. గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది.

"హోంగార్డులు రాష్ట్రం కింద. ఇది ఢిల్లీది."

"ఏదైతే ఏందిలే, లాఠీ ఇస్తారుగా."

"తుపాకీ ఇస్తారు."

"అయితే మిలటరీనే!"

ముప్పై మూడేళ్ళు తొమ్మిది, పది తరగతులకు ఆ శాఖ గురించి పాఠం చెప్పాను. పిల్లలకు బట్టీ పట్టే జాబితా అది: దేశం లోపలి భద్రత, సరిహద్దుల కాపలా, కేంద్ర రాష్ట్ర సంబంధాలు, పౌరసత్వం, జనాభా లెక్కలు. నాకు మాత్రం అందులో ఒక కథ కనపడేది. కలకత్తాలో దొరల ప్రభుత్వం కింద పుట్టిన శాఖ. మా తాత చెప్పిన ఆ శిస్తు రోజుల్లో ఊళ్ళ మీద రహస్య నివేదికలు పోగుచేయించింది ఆ శాఖే. స్వాతంత్ర్యం వచ్చాక దానికి కొత్త పని పడింది. సంస్థానాల వ్యవహారం చూసిన శాఖ తర్వాత దీనిలోనే కలిసింది. భాషను బట్టి రాష్ట్రాలు గీసుకున్నప్పుడూ, మొన్న మన రాష్ట్రాన్ని రెండు చేసినప్పుడూ కాగితాలు కదిలింది అక్కడి నుంచే. తుపాను వస్తే పడవలతో దిగే దళం కూడా ఆ శాఖదే. ఒకప్పుడు ఎవరు ఎదురు తిరుగుతారా అని మనల్ని చూసిన శాఖ, ఇప్పుడు ఎవరు మునిగిపోతున్నారా అని కూడా చూస్తుంది. రెండు చూపులూ దానికి ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది చెప్పకపోతే పాఠం సగమే అవుతుందని నా అభిప్రాయం.

జనాభా లెక్కలకు నేను మూడుసార్లు తిరిగాను. నాతో ఎవరూ అబద్ధమాడలేదు. లెక్క చెప్పడం ఇష్టమై కాదు, నన్ను ఎరుగుదురు కాబట్టి.

మోటారు సైకిలు వచ్చి వెళ్ళిన తర్వాత వారం శుక్రవారం మధ్యాహ్నం పిల్ల ఫోనుకు మెయిలు వచ్చింది. అప్పుడు కూడా కల్లంలోనే ఉన్నాం. చదివి నాకు ఇచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నేను రెండుసార్లు చదివాను. మీరిచ్చిన చిరునామాలో మీ కుటుంబం రెండేళ్ళుగా నివసించడం లేదు. మీ కుటుంబం కోర్టు కేసుల్లో ఉన్నట్టు స్థానికులు చెబుతున్నారు. పదిహేను రోజుల్లోగా సరైన సంజాయిషీ రాకపోతే నియామకం రద్దు చేస్తాం.

"ఏ కేసులే? ఎవడు చెప్పాడు ఇదంతా?" అన్నాను.

అది తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుంది. మొహం తెల్లబోయింది.

"నాయనమ్మా, ఆ రెండేళ్ళు నావే."

ఒక్క క్షణం నాకు తట్టలేదు. తర్వాత తెల్ల చొక్కా, భుజానికి సంచీ గుర్తొచ్చాయి. వచ్చినవాడు బ్రోకరు కాదు, విచారణకొచ్చిన పోలీసు. ఇలాంటి విచారణకు ఖాకీ వేసుకురారు. తానెవరో, ఎందుకు అడుగుతున్నాడో చెప్పకుండా గుట్టుగా ఆరా తీస్తారు. ఎందుకంటే చెబితే అందరూ మంచే చెబుతారు. అతని పద్ధతి అది. పని చెప్పనివాడికి నిజం చెప్పకపోవడం మా పద్ధతి. రెండూ మా కల్లం దగ్గర ఎదురుపడ్డాయి.

ఇక కోర్టు కేసులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలి. సాయంత్రం టీకొట్టు దగ్గర మావాడు వీధిని నిలబెట్టి అడిగాడు. టీకొట్టు ఆవిడ పొయ్యి ఆపి మరీ వచ్చింది.

"ఆ మంగళవారం తెల్ల చొక్కావోడికి ఎవరెవరు ఏం చెప్పారో చెప్పండి."

"నేనేం చెప్పాను, మామూలుగా చెప్పే మాటే. సామాను సర్దుకుని హైదరాబాదు ఎళ్ళిపోయారన్నా."

"సామాను కూడా సర్దావా!"

"మరి ఉత్త చేతుల్తో ఎళ్తారా హైదరాబాదు?"

"కేసులెవరు పెట్టారు మామీద?"

ఎదురింటి తమ్ముడు పైపంచె సర్దుకున్నాడు.

"ఏరా, అట్టా చూస్తావేంది? నీ మంచికే చెప్పాను. ఆ పొలం లిటిగేషన్లో ఉంది, తండ్రీకూతుళ్ళ మీద కోర్టులో నాలుగు కేసులున్నయ్యి, దాని జోలికి పోతే మునుగుతావ్ అన్నాను. దెబ్బకి మళ్ళీ రాకూడదని!"

"కూతురి మీద కూడానా బాబాయ్!"

"ఒక్కడిమీదంటే నమ్మడేమోనని."

"నాలుగు కేసులు పెట్టావు, హత్య కేసు కూడా పెట్టకపోయావా?" అంది టీకొట్టు ఆవిడ.

"నువ్వు మాట్లాడబాకు. తాళమేసిన ఇంటిమీద కేసు నిలబడద్దా మరి? నువ్వు హైదరాబాదు పంపావు కాబట్టే నేను కోర్టుకు పంపాల్సొచ్చింది."

"ఖాకీ వేసుకొస్తే ఏం పోయింది అతనికి?" అని ఎవరో అన్నారు.

"ఖాకీ వేసుకొస్తే అసలు తలుపే తీయవు నువ్వు" అన్నాను నేను.

నవ్వారు. పిల్ల నవ్వలేదు. కొట్టు గుంజకు ఆనుకుని నిలబడి రోడ్డు వైపు చూస్తోంది, రోజూ తెల్లవారకముందు పరుగెత్తే వైపు.

మర్నాడు నేనూ మావాడూ చిలకలూరిపేట ఠాణాకు వెళ్ళాం. వచ్చినతను అక్కడే ఉన్నాడు, ఈసారి ఖాకీలో. పదవీ విరమణకు దగ్గరపడ్డ హెడ్డు కానిస్టేబులు. మేమెవరమో చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"బలే ఊరమ్మా మీది. ఇరవయ్యేళ్ళుగా ఈ విచారణలు చేస్తున్నా. ఒకరు లేరంటే ఒకరన్నా ఉన్నారంటారు. మీ ఊళ్ళో అందరిదీ ఒకే మాట. అది నిజం కాకపోతే ఇంకేది నిజం అనుకుని రాసేశా."

బ్రోకర్ల సంగతి మావాడు చెప్పాడు. హెడ్డు విన్నాడు. తిరిగి విచారణ చేసే వీలుందని, పైవాళ్ళ అనుమతి తను తెచ్చుకుంటానని అన్నాడు. సోమవారం పదింటికి ఇరుగుపొరుగు ఇద్దరు ఆధార్ కార్డులతో వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి, కోర్టులో ఏ కేసూ లేదని తను విడిగా కనుక్కుంటాడు. లేచి వస్తుంటే వెనక నుంచి అన్నాడు:

"అన్నట్టు, కల్లంలో మొహానికి గుడ్డ చుట్టుకున్న పిల్ల ఒకతి ఉంది. మొదట రెండేళ్ళని చెప్పింది తనే. ఆమెను కూడా తీసుకురండి. ఎవరో తెలియాలి."

బయటికొచ్చాక మావాడు చెట్టు కింద ఆగిపోయాడు.

"పెద్దమ్మా, అది మన పిల్లేనని తెలిస్తే పోయింది. కాబోయే పోలీసు పోలీసుకే అబద్ధం చెప్పిందంటారు. పడమటి ఊళ్ళ నుంచి కోతలకొచ్చిన కూలీ పిల్లంటాం. కోతలయినయ్యి, ఎళ్ళిపోయిందంటాం."

"మళ్ళీ ఊళ్ళో లేదంటావన్నమాట."

"నువ్వు నిజం నిజమని దాని ఉద్యోగం తీయబాకు."

"ఆ కూలీ పిల్ల పేరేంటని అడిగితే ఏం చెబుతావురా? ఊరేదంటే? పేరు చెబితే ఆ పేరుమీద మళ్ళీ ఒకడు మోటారు సైకిలేసుకుని బయల్దేరతాడు."

అతను నన్ను బండి ఎక్కించుకున్నాడు. నాకు భయం లేకపోలేదు. నిజం చెబితే అతను ఏం రాస్తాడో నాకు తెలియదు. పాఠంలో శాఖ పనులన్నీ ఉన్నాయి గానీ, ఒక హెడ్డు కానిస్టేబులు మనసు ఎటు మొగ్గుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఇంటి దగ్గర దిగాక, ఏం చెప్పాలన్నది పిల్లకే వదిలేయమన్నాను. ఉద్యోగం దానిది.

సోమవారం ఇద్దరు చాలు. నేను పదేపదే చెప్పాను, ఇద్దరు చాలని. తొమ్మిదింటికి మావాడు ట్రాక్టరు తీసేసరికి వెనక ట్రక్కు నిండిపోయి ఉంది. తను హైదరాబాదు పంపిన మనుషుల్ని తనే వెనక్కి తేవాలని టీకొట్టు ఆవిడ పాలు పొయ్యి మీదే వదిలేసి ఎక్కింది. కేసులు తానే కొట్టేయిస్తానని ఎదురింటి తమ్ముడు ఉతికిన పంచెతో ఎక్కాడు. ఆ రోజు హెడ్డు అడగని వాళ్ళు కూడా, అడిగి ఉంటే తామూ అదే చెప్పేవాళ్ళమని ఎక్కారు. కల్లంలో కాయ గోతాలకు పట్టేవాళ్ళు, కూలీలు, అందరూ. పదహారుమంది కూలీల్లో ఒక్క మేస్త్రావిడ మాత్రం కాపలాకు మిగిలింది. నేను ఎక్కబోతుంటే కింద నుంచి తోసి, మీద నుంచి లాగారు.

ఠాణా మెట్ల మీద అంతమందిని చూసి సెంట్రీ లేచి నిలబడ్డాడు, ధర్నా అనుకుని. హెడ్డు బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందిది? ఇద్దర్ని తెమ్మన్నాగా!"

"అందరం చెప్పాం కదండీ, అందరం వచ్చాం" అంది టీకొట్టు ఆవిడ.

ఇద్దరి వాంగ్మూలాలు రాసుకున్నాడు. ఎదురింటి తమ్ముడు తాను పెట్టిన నాలుగు కేసులూ ఒక్కొక్కటిగా వివరించి ఒక్కొక్కటిగా కొట్టేశాడు. రాసుకునే అతనికి నవ్వాగలేదు. తర్వాత కలం కింద పెట్టి అడిగాడు.

"గుడ్డ చుట్టుకున్న పిల్లేది?"

మావాడు నేల చూస్తున్నాడు. ఎదురింటి తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"అది కూలీ పిల్లండీ, పడమటి నుంచి కోతలకొచ్చింది..."

"నేనేనండి" అంది మా మనవరాలు.

గోడ పక్కన నిలబడి ఉన్నది కాస్తా ముందుకొచ్చింది. నిటారుగా నిలబడింది, పరుగు పందెంలో గీత దగ్గర నిలబడ్డట్టు.

"నువ్వా? ఉద్యోగం ఎవరికి?"

"నాకేనండి."

"నీ విచారణకొస్తే నువ్వు ఊళ్ళో లేవని నువ్వే చెప్పావా!"

"మీరు నా పేరు అడగలేదండి, మా నాన్న పేరు అడిగారు. బ్రోకరనుకున్నాను. అబద్ధం మాత్రం చెప్పాను."

"రేపు గేటు దగ్గర డ్యూటీ వేస్తారు. ఎవడొచ్చి అడిగినా లోపల ఎవరూ లేరంటావా?"

"అనను. ముందు ఎవరు మీరు, కార్డు చూపించండంటాను. ఆ రోజు మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు."

హెడ్డు దాన్ని కాసేపు చూశాడు. తర్వాత మా అందర్నీ చూశాడు.

"అడిగినా నేను చూపించేవాణ్ణి కాదులే. చూపించొద్దనే మాకు చెప్తారు" అన్నాడు. కలం తీసుకున్నాడు. "మా ఊరు ఒంగోలు అవతల. మా ఇంట్లోనూ మిరపే. ఎవడొచ్చి అడిగినా ఊళ్ళో లేడని చెప్పమని మా నాన్న నన్నే బయటికి పంపేవాడు, పన్నెండో ఏట నుంచి."

అతను రాస్తుంటే నేను దగ్గరికెళ్ళి అడిగాను, ఏం రాస్తున్నారో చదివి వినిపించమని. మావాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. హెడ్డు చదివాడు. మొదటిసారి విచారణలో అభ్యర్థి, ఇరుగుపొరుగు తనను భూముల బ్రోకరుగా భావించి తప్పు సమాచారం ఇచ్చారు, కుటుంబం అభ్యర్థి పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే నివసిస్తోంది, కేసులేవీ లేవు, అభ్యర్థి తన పొరపాటును తానే చెప్పింది. అందులో దిద్దడానికి నాకేమీ కనపడలేదు.

"టీచరమ్మా, సరిపోయిందా?"

"సరిపోయింది నాయనా."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. సెంట్రీ మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఢిల్లీలో అంత పెద్ద శాఖ, అన్ని అంతస్తులు, అన్ని ఫైళ్ళు. అది మా పిల్లను నమ్మాలంటే చివరికి ఒక మనిషి మోటారు సైకిలు మీద వచ్చి టీకొట్టులో అడగాల్సిందే. టీకొట్టు ఏం చెబితే అదే శాఖకు తెలిసింది. ఆ సంగతి ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నాకు తట్టలేదు.

అప్పుడు మావాడి ఫోను మోగింది. మేస్త్రి కేకలు మాకందరికీ వినపడ్డాయి.

"అయ్యా, మబ్బు పట్టింది, గాలి లేచింది! పట్టాలు నేనొక్కదాన్నే లాగలేకపోతున్నా! మనుషులేరీ?"

"అందరం ఇక్కడే ఉన్నాం" అన్నాడు మావాడు.

ట్రక్కులోకి ఎలా ఎక్కామో తెలియదు. పేట దాటకముందే చినుకులు మొదలయ్యాయి. కల్లం చేరేసరికి పట్టాలు సగం కప్పి సగం గాలిలో కొట్టుకుంటున్నాయి. ఎర్రటి నీళ్ళు రోడ్డు వార కాలవలోకి పారుతున్నాయి. ట్రక్కులోంచి దూకినవాళ్ళు దూకినట్టే పట్టాల కొసలు పట్టుకున్నారు. టీకొట్టు ఆవిడ ఒక మూల, హైదరాబాదు పంపినందుకు ఇది శిక్షని తిట్టుకుంటూ. మా మనవరాలు ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తి రాళ్ళు పెట్టింది. మూడేళ్ళ పరుగు ఆ పూట పనికొచ్చింది. అరగంటలో వాన ఆగింది.

మావాడు తడిసిన కాయ గుప్పెడు తీసి చూశాడు. కారం, బురద కలిసి చెయ్యి ఎర్రగా ఉంది. నేను దగ్గరికెళ్ళాను, ఏమంటాడోనని.

"పోతే పోయింది పెద్దమ్మా. కాయ మళ్ళీ ఏటికొస్తది. పిల్లకి మళ్ళీ ఏడు లేదుగా" అన్నాడు. అని నవ్వాడు. కోతలు మొదలైన దగ్గర్నుంచి అతను నవ్వడం చూడలేదు నేను.

మార్చి మూడో శనివారం మెయిలు వచ్చింది: విచారణ సంతృప్తికరం, ఏప్రిల్ మొదటి సోమవారం శిక్షణ కేంద్రంలో హాజరు కావాలి. పిల్ల దాన్ని వీధిలో మూడుసార్లు గట్టిగా చదివింది. ఎదురింటి తమ్ముడు తన పుణ్యమేనన్నాడు, కేసులన్నీ తానే కొట్టించాడు కాబట్టి. గుంటూరు స్టేషన్లో రైలెక్కించి వచ్చాం. మొన్న ఆదివారం ఫోను చేసింది. గేటు దగ్గర నిలబెట్టి నేర్పుతున్నారట. మారువేషంలో ఒక అధికారి వచ్చి తోటి అమ్మాయి పేరు చెప్పి లోపల ఉందా అని అడిగాడట. మిగతావాళ్ళు ఉందన్నారట. మా పిల్ల మాత్రం కార్డు అడిగిందట. "ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు నాయనమ్మా" అంది. ఎంత తిండి పెడుతున్నారని అడిగాను. చాలా పెడుతున్నారంది.

ఫోను పెట్టేశాక కాగితం తీసుకుని, ఈ వ్యవహారంలో పోయినవి రాసిపెట్టాను.

తడిసి తాలులో కలిసిన మిరపకాయ: పద్నాలుగు టిక్కీలు, అంటే పద్నాలుగు పెద్ద గోతాలు. గాలికి చిరిగిన పట్టాలు: రెండు. కూలీల పని: పదిహేనుమందికి ఒక పూట. టీకొట్టులో పొయ్యి మీద మాడిన పాలు: ఆరు లీటర్లు, గిన్నెతో సహా. ట్రక్కు ఎక్కే తొక్కిసలాటలో నా ఎడమకాలి చెప్పు: ఒకటి.